ఆర్జెల్లా చావుపాట

పాటగాడు హోసీ కుర్రతనంలో పాడిన రికార్డొకటి, నలభై ఏళ్లకు అమెరికాలో, మిసిసిపీలోని అతనింటికే తిరిగొచ్చింది. పెట్టి వింటే, అందులో అతను, చచ్చిపోయిన పెళ్లాం ఆర్జెల్లా కోసం గుండెలు పగిలేలా ఏడుస్తున్నాడు. వంటింట్లో కోడి వేయిస్తున్న ఆర్జెల్లా అది విని, గరిటె పడేసి, తన చావుకు తనే బావురుమంది. పాట వీధిలోకి వినబడి చర్చి ఆడవాళ్లు, చావింటికి తీసుకెళ్లే ఆనవాయితీ ప్రకారం, కేకులు పట్టుకుని పరామర్శకొచ్చారు. "నేను చావలేదర్రా!" అని ఆర్జెల్లా మొత్తుకున్నా వినకుండా, పాట మళ్లీ పెట్టించుకుని మరీ ఏడ్చారు.

వాళ్లు వెళ్లాక మొగుణ్ణి నిలదీసింది. "ఏమయ్యా, బతికుండగానే నన్ను పాతేశావా?"

వయసు మీదపడి హోసీ గొంతు ఎప్పుడో పోయింది. ఆమె చెవిలో గుసగుసగా అన్నాడు: "నువ్వు పోయేనాటికి నాకు గొంతుంటుందో ఉండదోనని, ముందే ఏడ్చిపెట్టానే."