తూర్పు తడిక

కోండిబా నాలుగో తడికను భుజంతో ఎత్తిపట్టి, పళ్ల మధ్య బిగబట్టిన నారతాడును లాగి వెదురుకు ముడివేశాడు. మృగశిర కార్తె రాకముందే మహాబలేశ్వర్ బంగళాల పడమటి గోడలకు గడ్డి తడికలు తొడగాలి. లేకపోతే నాలుగు నెలల వానకు గోడలు నానిపోతాయి. నలభై ఏళ్లుగా అతని పని ఇదే. వేళ్లు వెదురు కణుపుల్లా ముడులు తేలాయి, వీపు బరువులు మోసి ఒకవైపు ఒరిగింది. ఊళ్లో మిగతావాళ్లంతా రేకులకు మారారు. అతనికి మిగిలింది ఈ ఒక్క బంగళాయే. ఇదీ పోతే తనెందుకు పనికొస్తాడో అతనికి తెలియదు.

ఈ ఏడాది ఆ బంగళాకు పడమటి గోడే లేదు. కొత్త సేఠ్ రాతిగోడ పడగొట్టించి నేల నుంచి చూరు దాకా అద్దం పెట్టించాడు. అద్దానికి వెదురు ఎలా ఆనిస్తారు? పొద్దుటి నుంచి బుర్ర గోక్కుని, చివరికి చూరు దూలాలకు వేలాడగట్టాడు. ఇంటికి నమూనా గీసిన ముంబై అమ్మాయి సాయలీ మాత్రం తూర్పు గుమ్మం పక్కన ఒక్క తడిక కట్టమని ఫోన్లో చెప్పింది. తూర్పున జల్లు కొట్టదు. పాపం పట్నం పిల్ల, దిక్కులు తికమకపడి ఉంటుందని తనే సర్దుకుని, ఎప్పటిలా పడమటే కట్టాడు.

మధ్యాహ్నం కారు దిగి లోపలికి వెళ్లిన సాయలీ అంతే వేగంగా బయటికొచ్చింది.

"కాకా! ఇల్లంతా చీకటి చేసేశావేంటి? సేఠ్ వాళ్లు వచ్చే నెల వాన చూడ్డానికి వస్తున్నారు!"

"వాన చూడ్డానికా? ఇక్కడికా?"

"అవును. సోఫాలో కూర్చుని, టీ తాగుతూ."

"ఇక్కడి వాన కనపడదు తల్లీ. మంచు కమ్మితే ఎదురుగా ఉన్న గేదె కూడా కనపడదు."

"అన్నీ విప్పెయ్ కాకా. గుమ్మం పక్కన ఒక్కటి చాలు."

"అక్కడ వాన కొట్టదు కదమ్మా?"

"మంచిదేగా, పాడవదు. అది అందం కోసం."

"మరి వచ్చే ఏడు?"

"ఇదే ఉంటుంది. మళ్లీ కట్టక్కర్లేదు."

కోండిబాకు ఏడుపొచ్చింది. ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. ఒక్కొక్కటే విప్పాడు. తర్వాత లోపలికెళ్లి అద్దంలోంచి చూశాడు. నలభై ఏళ్లు తను వీపు చూపించిన లోయ అది. బాగానే ఉంది. కానీ దీన్ని చూస్తూ మనిషి పొద్దంతా ఏం చేస్తాడు? ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. బయటికొచ్చి గుమ్మం పక్కన తడిక కట్టాడు. గాలివానకు వేసే రెండు చుట్ల ముడే వేశాడు. అతనికి వేరే ముడి రాదు.

"అప్పుడే వచ్చేశారేం? గోడ గానీ పారిపోయిందా?" అంది ఇంటికి చేరిన అతన్ని చూసి భార్య హౌసాబాయి.

"పారిపోయిందే," అన్నాడు.

సగం రొట్టె తిని పడుకున్నాడు. సాయంత్రం టీ తాగమని ఆమె లేపితే లేవలేదు.

సేఠ్ వాళ్లు వచ్చారు. ఉన్న నాలుగు రోజులూ అద్దం నిండా తెల్లటి మంచే. విసుగెత్తి, వెళ్లేముందు గుమ్మం దగ్గర ఫోటోలు దిగారు. దసరా నాటికి వానలు వెలిశాయి. ఏటా ఆ వేళకు నల్లబడి, కుళ్లి రాలిపోవలసిన తడిక, తూర్పు గుమ్మం పక్కన రంగైనా మారకుండా అలాగే బిగిసి ఉంది.