రద్దయిన రెజిమెంట్ విందు

"ఆ పలక గట్టిగా పట్టుకో, కదిలించకు," అన్నాడు శశికాంత్, పెదాల మధ్య రెండు స్క్రూలు బిగించుకుని.

శనివారం పొద్దున్న. మా అబ్బాయి కాలేజీకి వెళ్లిపోయాక ఖాళీ అయిన గదిలో మా ఆయన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని టేబుల్ బిగిస్తున్నాడు. నేను పలక పట్టుకుని నిలబడ్డాను. వంటింట్లో కుక్కర్ కూత పెట్టింది. "ఆ కుక్కర్ సంగతి చూడమ్మా ఛాయా," అని హాల్లోంచి అత్తగారు. ఇక్కడ కదలకూడదు, అక్కడికి వెళ్లాలి. ఈ ఇంట్లో నాకు ఇది కొత్త కాదు.

గది ఖాళీ అయిన కొత్తలో, కిటికీ పక్కన నాకో టేబుల్ వేసుకుంటానని అడిగాను. "టేబులా? దాని మీద ఏం చేస్తావు?" అన్నాడు శశికాంత్. వెటకారంగా కూడా అనలేదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. ఏం చెప్పాలో నాకూ తోచలేదు. ఇస్త్రీ బల్ల వచ్చి అక్కడ నిలబడింది. ఇప్పుడు ఆ ఇస్త్రీ బల్ల గరాజ్‌లోకి పోయింది, అదే కిటికీ పక్కన అదితి కోసం టేబుల్ వచ్చింది.

అదితి మా ఆయన కాలేజీ స్నేహితుడు కేశవరావు కూతురు. వాళ్లు అమెరికాలోనే ఇంకో రాష్ట్రంలో, ఐసెలిన్‌లో ఉంటారు. ఆ అమ్మాయి పుట్టింది, పెరిగింది అక్కడే. మేముండే క్యారీ ఊరికి దగ్గర్లో ఉన్న యూనివర్సిటీలో హిస్టరీలో పీహెచ్‌డీ చేస్తోంది. అపార్ట్‌మెంట్ లీజు అయిపోవడంతో ఈ వేసవి మా ఇంట్లో ఉంటానంది. "మన పిల్ల లాంటిదే. కారం కాస్త తగ్గించి వండు, అలవాటు ఉండదు," అన్నాడు శశికాంత్. నేను తగ్గించాను.

హిస్టరీ నా సబ్జెక్టు కూడా. పెళ్లికి ముందు నేను తెనాలిలో ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో హిస్టరీ చెప్పేదాన్ని. ఎం.ఎ.లో యూనివర్సిటీ ఫస్ట్. బందరులో అద్దకం పని చేసే కుటుంబాల మీద ఎం.ఫిల్ సగం రాశాను. ఆ సగం అక్కడే ఆగింది. అమెరికా వచ్చిన కొత్తలో పూర్తి చేస్తానంటే శశికాంత్ నవ్వాడు. "ఇక్కడ బందరు అద్దకాల గురించి ఎవడు అడిగాడు? టెస్టింగ్ కోర్స్ చెయ్యి, జాబ్ వస్తుంది." చేశాను. జాబ్ వచ్చింది, పిల్లాడు పుట్టాక పోయింది. ఇప్పుడు ఒక డెంటిస్ట్ ఆఫీసులో ఫ్రంట్ డెస్క్ మీద కూర్చుని అపాయింట్‌మెంట్లు రాస్తాను. అక్కడివాళ్లకి నా పేరు నోరు తిరగదు, "చాయ్" అని పిలిచి వాళ్లలో వాళ్లే నవ్వుకుంటారు.

అదితి వచ్చిన మొదటి రోజు రాత్రి భోజనాల దగ్గర శశికాంత్ అడిగాడు, "థీసిస్ దేని మీదమ్మా?"

"పోర్ట్ హార్లో రెజిమెంట్ అని, అంకుల్. కెనడాలో, లేక్ ఈరీ పక్కన ఒక చిన్న టౌన్. అది మిలీషియా. అంటే ఫుల్ టైమ్ సోల్జర్స్ కాదు. పగలు బేకరీలో, బ్యాంక్‌లో, ఫార్మ్‌లో పని చేస్తారు. ఈవెనింగ్ వచ్చి డ్రిల్ చేస్తారు. ఇప్పుడు ఆ రెజిమెంట్ లేదు. నైన్టీన్ థర్టీ సిక్స్‌లో రద్దు చేసారు."

"లేని రెజిమెంట్ మీద ఏం రాస్తావు?" అంటాడనుకున్నాను. నా ఎం.ఫిల్ మీద అన్నది అలాంటి మాటే కదా. శశికాంత్ చెంచా కింద పెట్టి, "అరె, ఇంట్రెస్టింగ్! చెప్పు, చెప్పు," అన్నాడు.

అదితి చెప్పింది. అమెరికా వైపు నుంచి దాడులు జరుగుతాయన్న భయంతో ఆ ఊరి మగవాళ్లు రెజిమెంట్ ఎలా కట్టుకున్నారో, ఏటా వేసవిలో గుడారాలు వేసుకుని ఎలా శిక్షణ పొందేవాళ్లో చెప్పింది. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు ప్రభుత్వం పాత రెజిమెంట్లని పక్కన పెట్టి, నంబర్లు వేసి కొత్త దళాలు తయారు చేసిందట. పోర్ట్ హార్లో కుర్రాళ్లు ఆ నంబర్లలో కలిసిపోయి ఫ్రాన్స్‌కి వెళ్లారు. చాలామంది తిరిగి రాలేదు. పోరాడింది వీళ్లు, పేరు ఆ నంబర్లకి. వీళ్ల రెజిమెంట్ ఒక్క యుద్ధం కూడా చేయనట్టే మిగిలిపోయింది.

"ఎంత అన్యాయం!" అన్నాడు శశికాంత్. నిజంగానే బాధపడ్డాడు. "కష్టం ఒకళ్లది, పేరు ఇంకొకళ్లది." అంటూనే నావైపు చూడకుండా పళ్లెం ముందుకు జరిపాడు. నేను అన్నం వడ్డించాను.

ఆ వేసవంతా అలాగే గడిచింది. అదితి ఆలస్యంగా లేస్తే, "చదువుకునే పిల్ల, పడుకోనీ," అనేది అత్తగారు. నేను కొత్త కోడలిగా పుస్తకం తీసినప్పుడు, "అది పక్కన పెట్టి ఆ చారు చూడు," అన్నది ఈవిడే. అదితి కాఫీ తాగి కప్పు టేబుల్ మీద వదిలేస్తే శశికాంత్ తీసుకెళ్లి కడిగాడు. మా పెళ్లయ్యాక ఆ చేతులకి సబ్బు నురగ అంటడం నేను అప్పుడే చూశాను. సింక్ దగ్గర నిలబడి, "యూరప్‌కి వెళ్లిన షిప్స్ లిస్ట్ దొరికిందా?" అని అడుగుతున్నాడు. నేను వెనక గుమ్మంలో లాండ్రీ బుట్ట పట్టుకుని నిలబడిపోయాను.

పార్సిప్పనీలో ఉండే నా స్నేహితురాలు రేణుకి ఫోన్‌లో చెప్పాను. "పాతికేళ్ల పిల్లని ఇంట్లో పెట్టుకున్నావు, జాగ్రత్తమ్మా," అంది. ఫోన్ పెట్టేశాక ఆ మాట గురించి చాలాసేపు ఆలోచించాను. అదే అయివుంటే బాగుండేదనిపించింది. మొగుడి విషయంలో అసూయ పడే ఆడదాన్ని నలుగురూ అర్థం చేసుకుంటారు, కూర్చోబెట్టి ఓదారుస్తారు. కానీ శశికాంత్ ఆ పిల్లని కూతురిలాగే చూస్తున్నాడు. నేను ఏడుస్తున్నది మొగుడి కోసం కాదు. ఆ పిల్ల పొద్దున్నే తలుపు వేసుకుంటే ఎవరూ తట్టకపోవడం చూసి. "నాకు ఒక డౌట్ ఉంది" అంటే ఇంట్లో అందరూ చెవులు రిక్కించడం చూసి. ఇంత వయసొచ్చి కూతురు వరస పిల్లని చూసి కుళ్లుకుంటున్నానే అని సిగ్గేసేది. ఆ సిగ్గులోనే అదితికి ఇష్టమని పనసపొట్టు కూర వండేదాన్ని. "ఆంటీ, మీరు చాలా బాగా చేసారు ఇది," అని ఆ పిల్ల వెనకనుంచి వాటేసుకునేది. మంచి పిల్ల. అది ఇంకా కష్టంగా ఉండేది.

ఆగస్టులో ఒక ఆదివారం శశికాంత్ స్నేహితులని పిలిచాడు. అదితి తన పరిశోధన గురించి మాట్లాడుతుందని. హాల్లో కుర్చీలు వేశాడు, లాప్‌టాప్‌ని టీవీకి కలిపాడు. "బజ్జీలు వేడివేడిగా రావాలి ఛాయా," అన్నాడు.

నేను మిరపకాయ బజ్జీలు వేస్తున్నాను. హాల్లోంచి అదితి గొంతు వస్తోంది కానీ స్టవ్ పైన పొగ లాగే హుడ్ చప్పుడులో మాటలు ముక్కలుముక్కలుగానే వినిపిస్తున్నాయి. రద్దు చేసిన రోజు గురించి చెబుతున్నట్టుంది. రెజిమెంట్ జెండాని చర్చిలో అప్పగించడం గురించి ఏదో అంటోంది. ఇన్నాళ్లూ భోజనాల దగ్గర ఆ భాగం చెప్పలేదు. నేను హుడ్ ఆపేశాను.

"...ఆ జెండా ఇప్పటికీ చర్చిలో ఉంది. రెజిమెంట్ పోయింది కానీ వాళ్లు ఆగలేదు. ప్రతి నవంబర్ చర్చి హాల్‌లో డిన్నర్‌కి కలిసారు, ఇరవై ఏళ్లు. ఈ ఫొటో చూడండి..."

అప్పుడే పొగకి అలారం మోగింది. ఇల్లంతా చెవులు చిల్లులు పడేలా. అందరూ లేచారు. శశికాంత్ పరిగెత్తుకొచ్చి తువ్వాలు ఊపుతూ, "హుడ్ ఎందుకు ఆపావు?" అని అరిచాడు.

"వినపడటం లేదని."

హాల్లో నవ్వులు. "నీకెందుకు ఇవన్నీ? బజ్జీలు మాడిపోతున్నాయి చూడు," అన్నాడు.

అలారం ఆగింది. నేను స్టవ్ కట్టేసి, చేతులు తుడుచుకుని హాల్లోకి వెళ్లాను. టీవీలో ఆ ఫొటో ఉంది. పొడుగాటి బల్లల ముందు సూట్లు వేసుకుని పతకాలు పెట్టుకున్న మగవాళ్లు. తెల్లని గుడ్డలు, నిండిన పళ్లాలు. నా నోట్లోంచి దానంతటదే వచ్చింది.

"ఆ డిన్నర్ ఎవరు వండారు?"

హాలంతా గొల్లున నవ్వింది. "వదినగారికి ఎప్పుడూ వంట ధ్యాసే," అన్నాడు శశికాంత్ ఆఫీసులో పనిచేసే లోకేష్. శశికాంత్ అందరికంటే ఎక్కువ నవ్వాడు, నా తరఫున క్షమాపణ అడుగుతున్నట్టు.

అదితి నవ్వలేదు. వెనక్కి తిరిగి ఫొటోని పెద్దది చేసింది. బల్లల వెనక ఒక తలుపు. గుమ్మంలో ఆప్రాన్‌లు కట్టుకున్న నలుగురైదుగురు ఆడవాళ్లు. ఒకావిడ ముఖం సగమే పడింది.

"ఐ డోంట్ నో ఆంటీ," అంది మెల్లగా. "నేను ఎప్పుడూ అడగలేదు."

అందరూ వెళ్లాక అదితి వంటింట్లోకి వచ్చింది. నేను గిన్నెలు తోముతున్నాను. శశికాంత్ ఫ్రిజ్ దగ్గర మిగిలినవి సర్దుతున్నాడు.

"ఆంటీ, ఆ క్వశ్చన్ చాలా బాగుంది. రెజిమెంట్ పోయిన తర్వాత దాన్ని ఇరవై ఏళ్లు నడిపింది ఆ లేడీస్ కదా. అది నా థీసిస్‌లో లాస్ట్ చాప్టర్ చేస్తాను. ఓకేనా? మీకు థాంక్స్ రాస్తాను, ప్రామిస్."

"రాసుకో తల్లీ" అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది. జీవితమంతా ఆ మాటే కదా అన్నాను. కుళాయి కట్టేశాను. ఆ అసూయ మళ్లీ రాజుకుంది. ఈసారి సిగ్గు రాలేదు.

"వద్దు," అన్నాను. "అది నాది."

అదితి కళ్లు పెద్దవి చేసింది. శశికాంత్ ఫ్రిజ్ తలుపు పట్టుకుని వెనక్కి తిరిగాడు. "ఏమిటది? చిన్నపిల్లతో పోటీ ఏమిటి నీకు?"

"పోటీయేనండీ. నేను కూడా హిస్టరీ చదువుకున్నాను."

"చదివావు సరే. ఎప్పటి మాట అది! ఇప్పుడేం చేస్తావు?"

"కనుక్కుంటాను. రాస్తాను."

అదితి ఒక తడి గిన్నె తీసుకుని తుడిచింది. తర్వాత, "ఓకే ఆంటీ. ఇట్స్ యువర్స్," అంది. ఆ మాట అనడం ఆ పిల్లకి తేలిక కాలేదని తెలుస్తూనే ఉంది.

మర్నాడు లంచ్ టైములో కారులో కూర్చుని పోర్ట్ హార్లో చర్చికి ఫోన్ చేశాను. ఎత్తినావిడకి నా యాస అర్థం కాలేదు, నాకు ఆవిడ యాస అర్థం కాలేదు. రెజిమెంట్ అన్నాను, డిన్నర్ అన్నాను. వంట చేసిన ఆడవాళ్ల గురించి అనగానే ఆవిడ నవ్వింది. వాళ్లమ్మ ఆ వంటింట్లో ఉండేదట. తను చిన్నపిల్లగా బంగాళాదుంపలు చెక్కు తీసేదట. తనతోపాటు చెక్కు తీసినవాళ్లు ఊళ్లో ఇంకా ఇద్దరున్నారట. "ఇన్నేళ్లలో జెండా చూడటానికి ఎంతమందో వచ్చారు. మమ్మల్ని ఎవరూ అడగలేదు. మీరు రండి," అంది.

సరిహద్దుకి ఇవతల ఉన్న బఫెలో దాకా విమానం, అక్కడినుంచి అద్దె కారు బుక్ చేశాను. ఆఫీసులో వారం సెలవు అడిగాను. "ఎమర్జెన్సీయా చాయ్?" అంది మేనేజర్. "కాదు. రీసెర్చ్. నా పేరు ఛాయాదేవి," అన్నాను.

రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. "వారమా?" అంది అత్తగారు. "మరి ఇంట్లో?"

"మీ అబ్బాయి ఉన్నారుగా అత్తయ్యా."

శశికాంత్ అన్నం కలపడం ఆపాడు. "అంత దూరం వెళ్లేది ఎవరో ముసలివాళ్లు ఎప్పుడో ఏం వండారో అడగడానికా?"

"అవును."

ఇంకేదో అనబోయాడు. అదితి అడ్డు వచ్చింది. "ఆంటీ, వాళ్లు మీతో మాట్లాడతామన్నారా? నిజంగా? నేను టూ ఇయర్స్ నుంచి ఆ టౌన్‌లో ఒక్క ఫ్యామిలీని పట్టుకోలేకపోయాను. ఎవ్వరూ రిప్లై ఇవ్వలేదు." నవ్వుతూనే అంది. కానీ ఆ గొంతు అంచున ఒక చిన్న జీర వినిపించింది. పళ్లెంలోకి చూస్తూ చారుని ఊరికే కలుపుతోంది. "నన్ను కూడా తీసుకెళ్తారా?"

ఆ జీర నాకు తెలుసు. ఈ వేసవంతా నేను దాన్ని నా గొంతులో దాచుకుని అందరికీ వడ్డించాను. ఆ పిల్ల మీద జాలేసింది, ముద్దొచ్చింది. మనసులో ఒక మూల, చెప్పొద్దూ, హాయిగా కూడా అనిపించింది.

"ముందు నేను వెళ్లొస్తాను," అన్నాను.