వంద అడుగుల రోడ్డు

హేమ్లి ఇంటి మీదుగా వంద అడుగుల రోడ్డు పోతుందని మొదట చెప్పింది వెంకటనారాయణ. పెనుబల్లి నుంచి వచ్చే భూముల బ్రోకరు. అడవి అంచున ఉన్న ఆ తండా మున్సిపాలిటీలో కలిసినప్పటి నుంచి అతని బండి ఇటే తిరుగుతోంది. ఫోన్‌లో రంగురంగుల మ్యాపు తెరిచి రెండు నల్లగీతల మధ్య గోరు పెట్టాడు.

"ఇగో, మీ ఇల్లు. మాస్టర్ ప్లాన్ వచ్చింది. పట్నం పెరిగి అడవి దాకా వస్తదట. రేపో మాపో మెషీన్లు దిగుతయి. జల్దీ నాకు రాసిస్తే ఎంతో కొంత దక్కుతది."

హేమ్లి భర్త దేవ్లా తాపీమేస్త్రీ. ఆ ఇంటి గోడలన్నీ తన చేత్తో కట్టుకున్నవే. ఆ పూట అన్నం ముందు కూర్చుని తినకుండానే చెయ్యి కడిగేసుకున్నాడు. హేమ్లికి భద్రాచలం రోడ్డు వెడల్పు చేసినప్పటి ఇల్లొకటి కళ్లలో మెదిలింది. ముందు సగం కూలిపోయి, వంటింటి గూట్లో డబ్బాలు దారినపోయే వాళ్లందరికీ కనిపిస్తూ ఉండేవి. ఆ ఇంటామె ఆ సగంలోనే వండుకునేది.

"రాసిచ్చేద్దాం," అన్నాడు దేవ్లా తెల్లారి.

"ఆగు. ఆఫీసుకు పోయి అడుగుత," అంది హేమ్లి.

వెనక ఇంట్లో ఉండే కమ్లిని తోడు తీసుకుపోయింది. కమ్లి దేవ్లా అక్క, అమ్మ పోయాక అతన్ని పెంచిన మనిషి.

మున్సిపల్ ఆఫీసు గోడ మీద అదే మ్యాపు, మంచమంత పెద్దది. ప్లానింగ్ ఆఫీసర్ శారద వాళ్లను దగ్గరికి పిలిచింది.

"పసుపు ఇండ్లకు, ఆకుపచ్చ సాగుకు, నీలం దుకాణాలకు, ఊదా ఫ్యాక్టరీలకు. ఇంకో ఇరవై ఏండ్లకు ఊర్లో ఎంతమంది ఉంటరు, రోడ్లు ఎటు కావాలె, నీళ్లు ఎటు పోవాలె అని ఇప్పుడే గీసి పెట్టుకుంటమమ్మా. రేపు వచ్చి ఎవరూ కూలగొట్టరు."

"మరి మా ఇల్లు, మేడం?"

"ఇది ముసాయిదా. అభ్యంతరం రాసివ్వండి, విచారణకు పిలుస్తం. రోడ్డు తీసెయ్యలేం గానీ, కొంచెం జరపడానికి చూస్తం."

జరుపుతాం అన్న మాటే హేమ్లి చెవికెక్కింది. ఎటు జరుపుతారని అడగలేదు. బయట రాయించుకొచ్చిన కాగితం మీద ఆమె వేలిముద్ర వేసింది. సాక్షిగా కమ్లి కూడా వేసింది.

వానలు తగ్గాక మారిన మ్యాపు వచ్చిందని తెలిసి హేమ్లి ఒక్కతే పోయింది. తన ఇల్లు పసుపు రంగులో ఉంది. గుండె మీది బరువు దిగినట్టయింది. ఆ వెంటనే, నల్లగీతలు ఏమైనయా అని చూపు వెనక్కి జరిపింది. రోడ్డు కమ్లి ఇంటి మీదికి ఎక్కింది.

బస్సులో కిటికీ చువ్వ గట్టిగా పట్టుకుని కూర్చుంది. చెప్పకపోతే ఏమవుతది? వదినకు మ్యాపు చూడటం రాదు. ఆ ఆలోచన వచ్చినందుకు తనంటే తనకే భయమేసింది.

బస్సు దిగేసరికి కమ్లి ఎదురొచ్చింది. "ఏమన్నరే?"

"రోడ్డు జరిగింది వదినా."

"మంచిదే గదా! మొహం ఏంది గట్ల పెట్టినవ్?"

"నీ ఇంటి మీదికి జరిగింది."

కమ్లి తండా వైపు తిరిగి చూసింది. తర్వాత మెల్లగా అడిగింది. "ముందే తెలిస్తే ఆ కాగితం ఇయ్యకపోయేదానివా?"

"పొద్దుగాల మళ్ల ఆఫీసుకు పోదాం వదినా," అంది హేమ్లి.

మరునాడు దేవ్లాతో కలిసి ముగ్గురూ ఆఫీసుకు పోయారు. గడువు దాటిందనీ, ప్లాను గవర్నమెంటుకు పోయిందనీ శారద చెప్పింది. అయినా కమ్లి పేరు మీద రాయించిన అభ్యంతరం కాగితం తీసుకుని పైకి పంపింది. ఎండాకాలం నాటికి ప్లాను ఖాయమై వచ్చింది. గీత కదల్లేదు.

"రోడ్డు ఎప్పుడు వేస్తరు మేడం?" అని దేవ్లా అడిగాడు.

"నిధులు వచ్చినప్పుడు. ఐదేండ్లు పట్టొచ్చు, పదిహేనేండ్లు పట్టొచ్చు. తీసుకునే రోజు పరిహారం ఇస్తరు. అప్పటిదాకా ఉండొచ్చు. కానీ ఆ జాగాలో కొత్తగా కట్టడానికి పర్మిషన్ రాదు."

మెషీన్లు రాలేదు. కానీ కమ్లి కొడుకు లాల్‌సింగ్ పెండ్లికి ముందు ఒక గది వేసుకుందామంటే పర్మిషన్ ఇవ్వలేదు. అతను భార్యతో ఖమ్మంలో కిరాయికి ఉంటున్నాడు. కమ్లి ఒంటరిదైంది. హేమ్లి రోజూ కూర తీసుకుపోతుంది. కమ్లి గిన్నె అందుకుంటుంది, కూర్చోమంటుంది. రోడ్డు మాట మాత్రం ఇద్దరూ ఎత్తరు.

మొన్న గాలివానకు కమ్లి ఇంటి రేకులు లేచిపోయాయి. దేవ్లా కొత్తవి తెచ్చి నిచ్చెన ఎక్కాడు. హేమ్లి కింద నిచ్చెన పట్టుకుంది. అతను మొదటి రేకుకు రంధ్రం చేయబోతుంటే కమ్లి గబగబా వచ్చింది.

"తమ్ముడా, బోల్టులు కొట్టకురా. తీగతో కట్టు చాలు. ఇప్పుకొని పోయేటప్పుడు రేకు పగలకుండ ఉండాలె."

దేవ్లా సుత్తి కిందికి అందించాడు. హేమ్లి తలెత్తకుండా దాన్ని అందుకుని, తీగచుట్ట పైకి ఇచ్చింది.