నేరేడు రంగు స్క్రూలు

ప్రాగ్జీ తీగకు ఆఖరి స్క్రూ తగిలించి, వరసనంతా ఒకసారి వేలితో మీటి, తొట్టెలోకి దించాడు. మునిగిన చోట సన్నటి బుడగలు లేచాయి. ఎడమచేత్తో మీట తిప్పుతూ, చూపు మాత్రం మీట పక్కన వెలిగే అంకెల మీదే ఉంచాడు. టైటానియానికి రంగు పూయరు, దాని ఒంట్లోంచే రప్పిస్తారు. కరెంటు కొంచెం ఇస్తే బంగారు రంగు, ఇంకాస్త ఇస్తే నేరేడుపండు రంగు, ఆపైన నీలం. సన్న స్క్రూకు బంగారు రంగు, నడిమి రకానికి నేరేడు, లావుదానికి నీలం. విరిగిన వెన్నుపూసల్నీ, జారిన వెన్నుపూసల్నీ పట్టి నిలబెట్టే స్క్రూలు ఇవి. నెత్తురంటిన చేతులకు చిన్న చిన్న అంకెలు చదివే తీరిక ఉండదు కాబట్టి, ఆపరేషన్ బల్ల దగ్గర నర్సు రంగు చూసి అందిస్తుంది, డాక్టరు రంగు చూసి అందుకుంటాడు. ఆ రంగు రాజ్‌కోట్ శివార్లలోని ఈ రేకుల షెడ్డులో ప్రాగ్జీ చేతి మీదుగా వస్తుంది.

అలాంటి ప్రాగ్జీకి దీపావళి దాటినప్పటి నుంచి నేరేడుకూ నీలానికీ తేడా తెలియడం లేదు. రెండూ తడిసిన బూడిదలా కనిపిస్తున్నాయి.

మనిషి పొడవు. తొట్టె మీదికి వంగి వంగి భుజాలు ముందుకు వచ్చేశాయి. జుట్టుకు గోరింటాకు పెడతాడు, మీసానికి మాత్రం పెట్టడు, అందుకని ముఖం రెండు వయసులది. ముంజేతుల మీద యాసిడ్ చిందిన చోటల్లా తెల్లటి చుక్కలు. జామ్‌నగర్‌లో తరతరాలుగా చీరలకు అద్దకం వేసిన ఖత్రీల ఇంట పుట్టాడు. వాళ్ల నాన్న పోయినరోజున శవానికి స్నానం చేయించినా మోచేతుల దాకా ఉన్న నీలిరంగు పోలేదు. అద్దకానికి గిరాకీ తగ్గి ప్రాగ్జీ రాజ్‌కోట్ వచ్చాడు, బట్టకు బదులు లోహం పట్టాడు. పెద్దగా చెప్పుకోవడానికి ఆ బతుకులో ఇంకేం లేదు. ఒక కూతురికి పెళ్లి చేశాడు, ఒకసారి ద్వారకకు వెళ్లొచ్చాడు, ఏనాడూ ఎవరితోనూ గొడవపడలేదు.

ఇప్పుడు మాత్రం భయంతో చస్తున్నాడు. కంట్లో శుక్లం కమ్మిందో, నరమే ఎండిపోతోందో అతనికి తెలియదు. తెలుసుకోవాలంటే డాక్టరు దగ్గరికి పోవాలి, పోతే తెలిసిపోతుంది. ఫ్యాక్టరీకి ఏటా వచ్చే కళ్ల పరీక్ష ఈసారి సంక్రాంతి ముందే వచ్చింది. రంగుచుక్కల్లో దాగిన అంకెలు చదవమన్నారు. వరసలో ముందున్నవాళ్లు గట్టిగా చదువుతుంటే విని, బడిపిల్లాడిలా వల్లెవేసుకుని, తన వంతు రాగానే గడగడా అప్పజెప్పాడు. "శభాష్ కాకా, కుర్రాళ్ల కంటే నయం" అని మెచ్చుకున్నారు. దొంగకు తేలు కుట్టినట్టు నవ్వి బయటికి వచ్చాడు.

ఇంట్లో భార్య రళియాత్‌కు తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఈ పొద్దున కూడా ఆమె టీని రకాబీలో పోసి ఇస్తూ అదే పాట అందుకుంది.

"ఇవాళైనా చెప్పేయండి."

"చెప్పి? అద్దకంవాడికి రంగులు కనపడవంటే నలుగురూ నవ్విపోరూ?"

"నవ్వితే నవ్వారు. మీరు రాత్రుళ్లు లేచి కూర్చుంటున్నారు. పక్కన నాకు మాత్రం నిద్రెక్కడిది?"

"అంకెలు చూసి చేస్తున్నాను కదే. అంకె తప్పు చెప్పదు."

"మీరు ఎవరికి చెబుతున్నారు, నాకా మీకా?" అంది రళియాత్.

అతను టీ ఊదుకుని తాగి వచ్చేశాడు.

మధ్యాహ్నం సజ్జరొట్టె, వెల్లుల్లి కారం, మజ్జిగ. చేయి కడుక్కుని తొట్టె దగ్గరికి వచ్చి, రోజూ చేసినట్టే తీగను పట్టే క్లిప్పు తుడవబోయాడు. క్లిప్పు చేతిలోనే ఊగింది. లోపల పళ్లు నల్లగా మాడి, ఒక పక్క ఉప్పు గడ్డకట్టి ఉంది. క్లిప్పు వదులైతే మీట దగ్గర అంకె అంకెలాగే ఉంటుంది గాని కరెంటు స్క్రూల దాకా పూర్తిగా చేరదు. రంగు మధ్యలోనే ఆగిపోతుంది. పొద్దున ఈ క్లిప్పుతోనే లావు స్క్రూల ట్రే తీశాడు. అంకె నీలం దగ్గరే ఉంది. నీలం వచ్చిందా? లేక నేరేడు దగ్గరే ఆగిందా? ఇదివరకటి ప్రాగ్జీ అయితే తొట్టెలోంచి తీయకముందే చూసి, తిట్టుకుని, మళ్లీ ముంచేవాడు.

ప్రతి ట్రేలోంచీ ఒక స్క్రూ నమూనాగా పక్కన పెట్టడం అక్కడి పద్ధతి. అరలోంచి పొద్దుటిది తీశాడు. లావుదే, వేళ్లు చెబుతున్నాయి. రంగు ఏమిటో మాత్రం ఎంత చూసినా తెలియలేదు. కిటికీ దగ్గర పట్టుకున్నాడు, దీపం కింద పట్టుకున్నాడు.

నడిమి స్క్రూ పట్టే సన్నటి ఎముకలో లావుది దిగితే ఏమవుతుందో అతనికి తెలుసు. ఒకసారి ఆఫీసు గోడకు తగిలించిన ఎక్స్‌రే చూపించి ఎవరో డాక్టరు చెప్పాడు. ఎముక పగులుతుంది, పక్కనే నరం ఉంటుంది. ఆ రోగి లేచాక ఇక కాలు కదలదు.

స్క్రూ గుప్పిట్లో దాచుకుని గేటు దగ్గరికి నడిచాడు. కాపలా కుర్చీలో భీఖుభా మీసం దువ్వుకుంటూ కూర్చుని ఉన్నాడు.

"భీఖుభా, నీ కళ్లు బాగా పనిచేస్తాయా?"

"వేటాడే వంశం ప్రాగ్జీభాయి. ఎగిరే కౌజుపిట్ట ఆడదో మగదో చెబుతా."

"ఇది ఏ రంగో చెప్పు చూద్దాం."

భీఖుభా దాన్ని ఎండలో తిప్పి తిప్పి చూశాడు. "బలే మెరుస్తోంది!"

"మెరుపు కాదు, రంగు."

"నీలంలా ఉంది. ఊదాలానూ ఉంది. ఏదైతేనేం, మొగాడికి మూడు రంగులు తెలిస్తే చాలు, మిగతావి మా ఆవిడ చూసుకుంటుంది." అంటూ పెద్దగా నవ్వి, "రంగులకు రాజువి నువ్వు, నన్నడుగుతావేంటి?" అన్నాడు.

ప్రాగ్జీ స్క్రూ తిరిగి తీసుకుని వెనుదిరిగాడు. ఇక మిగిలింది హర్షిద ఒక్కతే. తొట్టె నుంచి వచ్చిన స్క్రూలను చూసి, సంచుల్లో పెట్టి అతికించే పని ఆమెది. చూపు సూదిలాంటిది. ఆమెను అడగడమంటే ఒప్పుకోవడమే. మెట్లెక్కి ఆమె బల్ల దగ్గరికి వెళ్లి గుప్పిట విప్పాడు.

"ఏంటి కాకా అలా చెమటలు? బీపీ మాత్ర మళ్లీ మర్చిపోయారా?" అంది హర్షిద.

"ఇది ఏ రంగమ్మా?"

"నాకే పరీక్షా! నేరేడు."

"సరిగ్గా చూడు."

"సరిగ్గానే చూశా. మొన్న మా వీధిలో అమ్మిన నేరేడుపళ్లు అచ్చం..." అంటూ దాన్ని వేళ్లతో పట్టుకుని ఆగిపోయింది. ముఖంలో నవ్వు ఎండిపోయింది. "ఇది లావుది కదా కాకా."

"పొద్దున నువ్వు లేవు."

"మా అత్తను ఆసుపత్రికి తీసుకెళ్లాను. కొత్తపిల్ల ప్యాక్ చేసింది. ట్రేకి తగిలించిన చీటీ చూసి లావువని అతికించేసి ఉంటుంది. దానికేం తెలుసు!" ఆమె గొంతు తగ్గించింది. "కాకా, నాకు ఎప్పుడో తెలుసు. దీపావళి నుంచి గీత పడిందనీ మచ్చ ఉందనీ కొన్ని ట్రేలు వెనక్కి పంపలా? అవి గీతలు కావు."

ప్రాగ్జీ బల్ల అంచు పట్టుకున్నాడు. "మరి చెప్పలేదేం?"

"చెబితే మిమ్మల్ని పంపించేయరూ? నేనున్నాను కదా, చూసుకుంటాలే అనుకున్నా."

ఆ మాటకు అతనికి ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువ భయం వేసింది. ఇన్నాళ్లూ తన అంకెలే కాపాడుతున్నాయనుకున్నాడు. కాపాడినవి ఈ పిల్ల కళ్లు. ఈ పిల్ల ఒక్క పూట లేకపోతే ఇంతేనన్నమాట.

పొద్దుటి పార్శిల్ భావ్‌నగర్ బస్సెక్కి వెళ్లిపోయింది. ఇక చేయడానికి రెండు పనులున్నాయి. ఒకటి, పై గదిలో ఉన్న సూపర్‌వైజర్ మౌలిక్‌కు చెప్పడం. రెండోది ఏమీ చేయకుండా ఊరుకోవడం. సంచి మీద అంకె సరిగ్గానే ఉంది కదా, ఆసుపత్రిలో ఎవరో ఒకరు చదవకపోతారా అని మనసు ఒక పక్క నుంచి లాగింది. ఆ లాగుడికి ఒక్క క్షణం లొంగాడు కూడా. కాని బోర్లా పడుకోబెట్టిన ఎవరిదో వీపు కళ్ల ముందుకు వచ్చింది. ముఖం లేదు, పేరు లేదు, వీపు మాత్రమే. అతను పై గది తలుపు తోసి లోపలికి వెళ్లాడు. వెనకే హర్షిద వచ్చింది.

"మౌలిక్‌భాయి, భావ్‌నగర్ పార్శిల్ ఆపాలి."

"ఈపాటికి దిగిపోయి ఉంటుంది కాకా. రేపు పొద్దున్నే ఆపరేషన్. ఏమైంది?"

"లావువాటికి నేరేడు వచ్చింది."

"వచ్చిందంటే? మీరు చూడలేదా?"

"చూశాను. నాకు కనిపించదు."

మౌలిక్‌కు వెంటనే అర్థం కాలేదు. కుర్రవాడు, కోపం కంటే ముందు అతనికీ భయమే వచ్చింది. ఫోను తీశాడు. భావ్‌నగర్‌లో పార్శిళ్లు తీసుకుని ఆసుపత్రులకు చేర్చే మనిషి ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మళ్లీ ఎత్తలేదు. బస్సు ఆఫీసుకు చేస్తే సరుకు ఇచ్చేశామన్నారు. ప్రాగ్జీ కూర్చోమన్నా కూర్చోలేదు. ద్వారకాధీశుణ్ణి తలుచుకోబోతే పేరు కూడా సగంలో ఆగిపోయింది.

చివరికి అవతలివాడు ఎత్తాడు. "ఇందాకే ఇచ్చేశా భాయి. సంచులు విప్పి సామాను సర్దేశారు, క్రిములు చావడానికి ఆవిరి పెట్టెలో పెట్టబోతున్నారు."

"పెట్టనివ్వకు! ఆ లావువి ఎక్కడ సర్దారో అడుగు!"

అవతల చెప్పుల చప్పుడు, ఎవరితోనో మాటలు. చాలాసేపు. "రంగు చూసి నడిమివాటి గళ్లలో పెట్టేసిందట నర్సమ్మ. ఏం, కాదా?"

మౌలిక్ కళ్లు మూసుకున్నాడు. "కాదు. అన్నీ తీయించి నీ దగ్గర పెట్టుకో. వేరే పెట్టె పంపిస్తున్నా."

హర్షిద చెంగుతో ముఖం తుడుచుకుంది. గండం గడిచిందని ముగ్గురికీ తెలుసు. ముగ్గుర్లో ఇద్దరు ఊపిరి పీల్చుకున్నారు.

"మరి మొన్నటివి?" అన్నాడు ప్రాగ్జీ.

"అవన్నీ నేను చూశాను కాకా. ఒట్టు."

"మీ మరిది పెళ్లికి జునాగఢ్ వెళ్లావు కదమ్మా. అప్పుడో?"

మౌలిక్ ఫోనును బల్ల మీద బోర్లించాడు. అప్పుడు వెళ్లినవి ఈపాటికి సంచుల్లో లేవని, మనుషుల్లో ఉన్నాయని అతనికీ తెలుసు.

"నమూనాలన్నీ తిరగదోడతాం. ఏ ఊరికి ఏవి పోయాయో కనుక్కుంటాం. మీరు ఇంటికెళ్లండి కాకా. కళ్లు చూపించుకోండి."

"రేపు రానా?"

మౌలిక్ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. ప్రాగ్జీకి జవాబు వినపడింది.

కిందికి దిగి మాడిన క్లిప్పు విప్పి కొత్తది బిగించాడు. తొట్టెకు మూత పెట్టాడు. మీటను సున్నా దగ్గరికి తిప్పి, తిరిగిందో లేదో మరోసారి చూసుకున్నాడు. ఎవరికీ చెప్పకుండానే బయలుదేరాడు. గేటు దగ్గర భీఖుభా "అప్పుడేనా? రాజావారికి ఇవాళ పెందలాడే సెలవా?" అంటే చేయెత్తి దండం పెట్టాడు. ఎప్పుడూ పెట్టని దండం పెట్టేసరికి భీఖుభా లేచి నిలబడ్డాడు.

రోడ్డు మీద పనులు వదిలి జనం ఇళ్లకు పోతున్నారు. ప్రాగ్జీకి ముఖాలు కనపడలేదు, వీపులే కనపడ్డాయి. సైకిలు మీద వంగిన వీపు, బిడ్డను మోసే వీపు. ముందు ఒకావిడ నడుముకు వెడల్పాటి పట్టీ కట్టుకుని, ఒక కాలు ఈడుస్తూ నెమ్మదిగా నడుస్తోంది. ఆమెను దాటి ముందుకు పోవడానికి అతనికి ధైర్యం చాలలేదు. ఆమె మలుపు తిరిగేదాకా వెనకే, ఆమె నడకతోనే నడిచాడు.

సాయంత్రం హర్షిద తొట్టె గదికి వచ్చింది. మేకుకు అతని రబ్బరు ఏప్రన్ వేలాడుతోంది. కడిగి పెడదామని తీసి జేబు తడిమితే వేళ్లకు రెండు గుడ్డముక్కలు తగిలాయి. ఒకటి నీలం, ఒకటి నేరేడు. పక్కన పెట్టి పోల్చి చూసుకొమ్మని ఏ ఆడమనిషో కత్తిరించి ఇచ్చినవి. రెండూ యాసిడ్ తడికి అంచులు కొరుక్కుపోయి ఉన్నాయి. ఏది ఏదో కళ్లకు తెలియకపోయినా వేళ్లకు తెలిసేలా, జామ్‌నగర్ ఆడవాళ్లు అద్దకానికి ముందు చీరలకు కట్టే సన్నటి ముడులు నీలానికి ఒకటి, నేరేడుకు రెండు, ఎర్రదారంతో బిగించి కట్టి ఉన్నాయి.