ఆండాళు వేరు మంచం

ఆండాళుకు అన్యాయం జరిగింది రెండు వేల ఇరవై అయిదు ఏప్రిల్ పదకొండున, శుక్రవారం నాడు, మునగాల అవతల వాళ్ళ ఊళ్ళో, పాలకేంద్రం అరుగు మీద, అయిదుగురు పెద్దమనుషుల ఎదుట. గొడవ భూమి గురించి కాదు, గొర్రెల గురించీ కాదు. మంచం గురించి.

ఆ ఇంట్లో రోజు ఎట్లా గడిచేదో చెప్తే గాని, మంచం పంచాయితీకి ఎందుకెక్కిందో అర్థం కాదు. తెల్లవారకముందే ఆండాళు లేచి వాకిలి ఊడ్చి, దొడ్డి ఎత్తి, తల్లిపాలు చాలని గొర్రెపిల్లలకు సీసాతో పాలు తాపి, మొగుడికి సద్ది కట్టేది. కోటయ్య మందను తోలుకొని కాలువ గట్టు పట్టేవాడు. ఆయన తిరిగొచ్చే వేళకు నీళ్ళు కాగి ఉండాలి, కూర దిగి ఉండాలి. తిన్నాక ఇద్దరూ డబుల్ కాట్ ఎక్కేవాళ్ళు. అది సూర్యాపేటలో కొన్న కాట్. తలాపున అద్దం, అద్దం చుట్టూ నెమళ్ళు. చుట్టాలెవరొచ్చినా కోటయ్య ముందు ఆ కాట్ చూపించి, తర్వాతే మంచినీళ్ళు ఇప్పించేవాడు.

కిందటి దసరా నుంచి ఆండాళు ఒంట్లో వేడి మొదలైంది. నలభై తొమ్మిది నిండినయి ఆమెకు. రొమ్ముల నడుమ ఒక సెగ పుట్టి, మెడ మీదుగా మాడుకెక్కి, జాకెట్ తడిపి దిగేది. దిగి ఊరుకునేది కాదు, పక్కనున్నవాటికి పాకేది. తలాపున పాలగిన్నె పెడితే తెల్లారేసరికి గడ్డ పెరుగు. కాళ్ళ దిక్కు దండెం మీద తడి దుప్పటి వేస్తే ఇస్త్రీ చేసినట్టు ఆరేది. కోడి వదిలేసి పోయిన గుడ్లను ఆమె మంచం కింద పెడితే ఒక్కటి కూడా మురగలేదు, అన్నీ పిల్లలై వాకిట్లో తిరిగినయి. ఊళ్ళో దీని గురించి ఎవరూ నోరు తెరిచి ఆశ్చర్యపోలేదు. ఎదురింటామె దోశపిండి గిన్నె తెచ్చి ఆమె పక్కన పెట్టి, "పొంగినంక పిలువక్కా" అని పోయేది. కోదాడ డాక్టరమ్మ కూడా అంతే. "ఈ వయసులో అందరికీ ఉండేదేనమ్మా. మీకు కాస్త బయటికి వస్తోంది, అంతే. పల్చటి బట్టలు కట్టుకోండి, గాలి తగిలేట్టు పడుకోండి" అని చెప్పి పంపింది.

గాలి తగిలేట్టు. చిక్కంతా అక్కడే. కోటయ్యకు ఫ్యాను పడదు. రోహిణి ఎండల్లో కూడా గొంగడి కప్పుతాడు. తను కప్పుకొని ఊరుకుంటాడా, సగం తెచ్చి ఆమె మీద వేస్తాడు. ప్రేమ అనుకునేరు, కాదు. కాగుతున్న కుండ మీద మూత. ఆ మీదట రెండు పాదాలు తెచ్చి ఆమె పిక్కలకు ఆనిస్తాడు. ఐసుగడ్డలు ఆ పాదాలు. చల్లగా హాయే కదా అనే మగమహారాజులు ఒక రాత్రి పడుకొని చూడాలి. చలి తగిలిన చోటికల్లా వేడి పంతం పట్టి ఉరికొచ్చేది. ఆ వేడి గుణమే అంత. దారి ఇస్తే దాని మానాన అది పోతుంది. మూత పెడితే లోపలికే తిరుగుతుంది.

ఆరు నెలలు ఆమెకు నిద్ర లేదు. కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. హుజూర్‌నగర్ బస్సులో రాడ్ పట్టుకొని నిలబడే కునికి, పక్కామె ఒళ్ళో పడింది. గొర్రెపిల్ల నోట్లో సీసా పెట్టి, అది తాగడం అయిపోయినా తెలియక అట్లాగే కూర్చునేది.

"ముందు గదిల నవారు మంచం ఏసుకుంట" అన్నది ఒకనాడు. "ఆడ కిటికీ ఉన్నది. నీ కాట్‌ను, నీ గొంగడిని నువ్వే ఏలుకో."

"పిచ్చి లేసిందా? లోకం ఏమంటది?"

"లోకం మన కాట్ మీద పండుకుంటలేదు గద."

"మొగడు పెండ్లాం ఏరుపడ్డరు అంటరు. మా అక్క మొకం యాడ పెట్టుకుంటది?"

"మీ అక్క మొకం మిర్యాలగూడల ఉన్నది. ఆడనే ఉండనియ్."

ఆండాళు నవారు మంచం వేసింది. కోటయ్య దాన్ని తీసి కొట్టంలో పెట్టాడు. మళ్ళీ తెచ్చి వేసింది. ఆయన ఈసారి డాబా మీదికెక్కించాడు. ఆండాళు డాబా మీదనే పడుకుంది. ఇక ఈ ప్రాంతంలో మగవాడు ఓడిపోతున్నానని తెలిసినప్పుడు చేసే పని ఒకటుంది. గట్టు తగాదా అయినా, మేక చేలో పడ్డా, ఆఖరికి పెళ్ళాం డాబా ఎక్కి పడుకున్నా అదే పని. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టాడు.

మిర్యాలగూడ నుంచి ఆడబిడ్డ జానమ్మ పొద్దటి బస్సుకే దిగింది. పెద్దమనుషుల్లో పెద్ద వీరయ్య, వరుసకు ఆండాళుకు అన్న. కాలు మీద కాలేసుకొని మొత్తం విన్నాడు.

"ఎన్నేండ్ల కాపురం, ఇప్పుడు మంచాలు పంచుకుంటారే పిల్లా?" అన్నది జానమ్మ. "నేను మా ఆయన పోయేదాక ఒక్క దినం పక్క మార్చలే."

"ఆయన పోయినంక నిద్ర మంచిగ పడుతుందని నువ్వే అన్నవ్ గదా వదినే, పోయిన బోనాల కాడ."

అరుగు మీద ఒకరిద్దరు దగ్గారు. జానమ్మ కొంగు సర్దుకుంది. వీరయ్య గొంతు సవరించుకొని తీర్పు చెప్పాడు. ఒకటే మంచం. ఫ్యాను రెండో నంబరు. గొంగడి కోటయ్య ఒక్కడే కప్పుకోవాలి. నవారు మంచం గొడవకు మూలం గనుక అది వీరయ్య కొట్టంలో ఉంటుంది.

"నా నిద్ర మీద మీరు అయిదుగురు తీర్పు చెప్తుండ్రు" అన్నది ఆండాళు లేచి నిలబడి. "మీల ఒక్కనికన్న నడిరాత్రి సెమటకు ఒళ్ళు తడిసి, తెల్లారెదాక కూసున్నది తెలుసా? తెల్వని సంగతికి తీర్పెందుకు?"

"కోపం జెయ్యకు సెల్లె. నీ మంచికే."

"నా మంచి నాకు అప్పజెప్పుండ్రి. నేను సూసుకుంట."

ఎవరూ వినలేదు. మంచం భుజాన వేసుకొని పోయారు. ఆండాళు ఏడవలేదు. ఇంటికొచ్చి పొయ్యి వెలిగించబోయింది. అగ్గిపుల్ల గీయకముందే కట్టె అంటుకుంది.

ఏప్రిల్ ఆఖర్లో ముసురు పట్టింది. హైవే పక్కన కొనుగోలు సెంటర్లో యాసంగి వడ్లన్నీ రాశులు పోసి ఉన్నయి. టార్పాలిన్లు కప్పినా కింది నుంచి నీళ్ళు పట్టినయి. తేమ పదిహేడు శాతానికి దిగితేనే కాంటా పెట్టి తూకం వేస్తారు. మిషన్ పెడితే ఇరవై నాలుగు చూపిస్తున్నది. ఎండ జాడ లేదు. అడుగు వడ్లు మొలక తీయడం మొదలుపెట్టినయి. వీరయ్య రాశి అందరికంటే పెద్దది కాబట్టి అందరికంటే ముందు ఆయన కళ్ళే గుంటలు పడినయి. ఒక సాయంత్రం ఆండాళు వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"సెల్లె, జర మా వడ్ల కాడికొచ్చి పండుకుంటవా?"

ఆండాళు చాటలో బియ్యం ఏరుతున్నది. తల ఎత్తలేదు. "తీర్పు నన్ను యాడ పండుకోమన్నది అన్నా?"

"గది ఇంటి సంగతి. గిది వడ్ల సంగతి."

"ఇంట్లకొక ఒళ్ళు, సెంటర్లకొక ఒళ్ళు లేదు నాకు. ఒక్కటే ఉన్నది."

"కూలి ఎంతంటె అంత ఇప్పిస్త."

"కూలి నీ కాడనే ఉంచుకో. నా మంచం నువ్వే నెత్తిన పెట్టుకొని తే. అదే అరుగు మీద, అదే అయిదుగురు కూసోని, తీర్పు తప్పయిందని చెప్పుండ్రి. ఆండాళు యాడ పండుకోవాలన్నది ఆండాళు ఇష్టమని నోటితోని అనుండ్రి. నా మొగడు ఇనాలె."

"వడ్లు ఆరనియ్, అప్పుడు..."

"ముందు అరుగు. తర్వాత వడ్లు. కాంటా అయినంక మాట మార్చినవనుకో, వానకాలం పంట గూడ ఉంటది అన్నా."

ఆ పొద్దు పాలు పోయడానికి వచ్చినవాళ్ళంతా చూస్తుండగా, ఊరి పెద్దమనిషి నవారు మంచం నెత్తిన పెట్టుకొని వచ్చాడు. అయిదుగురూ ఒకరి తర్వాత ఒకరు ఆ మాట అన్నారు. నాలుగో ఆయన నోట్లోనే నసిగితే ఆండాళు మళ్ళీ అనిపించింది. కోటయ్య స్తంభానికి ఆనుకొని, గొంగడి కప్పుకొని విన్నాడు.

సెంటర్లో రాశుల నడుమ మంచం వేయించింది ఆండాళు. ముందు వీరయ్య వడ్ల కాడ కాదు, ఎకరం కౌలు చేసుకునే ముండమోసిన కొమురమ్మ రాశి కాడ. టార్పాలిన్ ఎత్తి కట్టమన్నది. దుప్పటి వద్దన్నది. హైవే మీది గాలి అటు నుంచి వచ్చి ఇటు పోతుంటే, వెల్లకిలా పడుకొని చేతులు బార్లా చాపింది. సెగ లేచింది. మూత లేదు, అడ్డం లేదు. ఒంట్లోంచి వెళ్ళి వడ్లలోకి దిగింది. వడ్ల మీది నుంచి పొగలాగా తేమ లేచింది. ఆండాళు అప్పటికే నిద్రపోయింది.

ఏమి నిద్ర అది! హమాలీలు కాలి మునివేళ్ళ మీద నడిచారు. హారన్ కొట్టిన లారీ డ్రైవర్‌ను నలుగురు ఉరికి తిట్టారు. కొమురమ్మ ఈగలు తోలుతూ పక్కన కూర్చుంది. మంచాన్ని రాశి నుంచి రాశికి డోలీలాగా ఎత్తి మోశారు గాని ఆమెను లేపలేదు. మిషన్ పెడితే పదహారున్నర. వీరయ్య వడ్లు ఆఖరున ఆరినయి.

అందరి కాంటాలు అయిన పొద్దున్న ఆండాళు కళ్ళు తెరిచేసరికి కాళ్ళ దిక్కు కోటయ్య కూర్చొని ఉన్నాడు. పెదవులు నల్లబడినయి. గొంగడిలో కూడా వణుకుతున్నాడు.

"ఇంటికి రావా?"

"ఎందుకు? లోకం పరేషాన్ అయితుందా?"

కోటయ్య వడ్లగింజను గోటితో ఒలిచాడు. "లోకం లేదు, ఏం లేదు. నాకు సలి."

"ఏంది?"

"మూడేండ్ల కింద రాళ్ళవాన పడలే? గొర్రెపిల్లలు సస్తయని గొంగడి వాటి మీద కప్పిన. నేను వానల నిలబడ్డ. ఆ నీళ్ళు లోపటికి దిగినయి, మల్ల ఎల్లలే. నడుస్తుంటె కాళ్ళల్ల గుడగుడ అంటయి. నీ పక్కన పండుకుంటె జర కాగుతయి. మంద అమ్ముదామని హుజూర్‌నగర్ ఆయనకు మాట గూడ ఇచ్చిన. పొద్దుగాల మంచుల నడువలేక."

ఆండాళు లేచి కూర్చుంది. జాలి కంటే ముందు కోపం వచ్చింది ఆమెకు. "మూడేండ్ల సంది నా పిక్కలు పట్టుకొని కాగుకుంట ఒక్క ముక్క చెప్పలే. సలి పెడుతుందే అంటె అయిపోవు గద! పెద్దమనుషులను తెచ్చినవ్, మీ అక్కను తెచ్చినవ్, లోకాన్ని తెచ్చినవ్. అందరిని మంచం మీద ఎక్కిచ్చినవ్. ఇంతమంది నడుమ నాకు జాగ యాడున్నదయ్యా?"

"మొగోనికి సలేంది అంటరని..."

"అన్నోడు వచ్చి నీ కాళ్ళు కాపిండా?"

జాలి తర్వాత వచ్చింది, నిండా వచ్చింది. కానీ జాలి పడ్డప్పుడల్లా ఆడది ఏదో ఒకటి వదులుకోవాలని ఎక్కడుంది? ఆండాళు మంచం వదులుకోలేదు. ఇంటికి పోయి, ముందు గదిలో, మధ్యగోడను ఆనించి నవారు మంచం వేసింది. మామ నాటి మట్టిగోడ అది, జానెడు మందం. అవతలి గదిలో డబుల్ కాట్‌ను కోటయ్యతోనే ఈడ్పించి అదే గోడకు ఆనించింది.

"గిటు నేను. గటు నువ్వు. నీ కాళ్ళు గోడకు పెట్టుకో."

ఆ రాత్రి కిటికీ బార్లా తెరిచి, వీపు గోడ దిక్కు తిప్పి పడుకుంది. సెగ గోడలోకి పోయింది. అవతల గోడ జొన్నరొట్టె పెనంలాగా వెచ్చబడింది. కోటయ్య పాదాలు ఆనించాడు.

పొద్దున్నే ఆయన కేక. కాట్ కింద మడుగు. ఇల్లు కురిసిందేమోనని పైకి చూస్తే స్లాబ్ పొడిగా ఉంది. నీళ్ళు ఆయన మడమల నుంచి కారుతున్నయి. ఆ నీళ్ళలో ఎండు గడ్డిపరకలు, శనగగింజంత రాళ్ళవాన రాళ్ళు రెండు, ఇంకా కరగనివి. ఆండాళు చూసి, లోపలికి పోయి, పాత చీర ముక్క తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"నీ నీళ్ళు నువ్వే తుడుసుకో."

మే నెలంతా తుడుచుకున్నాడు. నడుమ జానమ్మ వచ్చింది. తమ్ముడి పాదాలు పట్టుకొని చూసింది, గోడ తడిమింది. అన్నం తిన్నాక, "పిల్లా, నా మోకాళ్ళకు గూడ జర గోడ దొరుకుతదా?" అని అడిగింది. గోడ పొడుగ్గానే ఉంది, దొరికింది.

మృగశిర చినుకులు పడేనాటికి కోటయ్య కాట్ కింద నేల పొడిబడింది. హుజూర్‌నగర్ ఆయన మంద కోసం డీసీఎం వ్యాను వేసుకొని వస్తే చాయ్ తాపి ఉత్త బండితో పంపించి, గొంగడి లేకుండానే మందను కాలువ గట్టుకు తోలాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, సద్ది గిన్నె కడిగి బోర్లిస్తూ ఆయనే కదిలించాడు. ముప్పై ఏళ్ళలో ఆయన గిన్నె కడగడం అదే మొదలు.

"ఇగ నాకు సలి లేదు. కాట్ మీదికి రారాదు?"

"నాకు నిద్ర ఉన్నది" అన్నది ఆండాళు.

"గదేంది, ఎన్నటికి రావా?"

"బుద్ధి పుడితె వస్త. నీకు పుడితె గోడ తట్టు. మెలకువ ఉంటె పలుకుత. నిద్రపోతె లేపకు."

ఆ రాత్రి కోటయ్య గోడ తట్టాడు. జవాబు రాలేదు. చెవి ఆనించి విన్నాడు. అవతల గురక, సన్నగా మొదలై, రానురాను ధీమాగా. ఆండాళు గురక పెడుతుందన్న సంగతి ఇన్నేళ్ళలో ఆయనకు తెలియదు. ఆమె ఆయన పక్కన అంత నిద్ర ఎప్పుడు పోయింది గనుక! రెండోసారి తట్టడానికి ఎత్తిన చెయ్యి దించేసి, గోడకే వీపు ఆనించి పడుకున్నాడు.

పొద్దెక్కి లేచిన ఆండాళుకు ఎవరో చాయ్ పెట్టి మూత వేసి ఉంచడం కనిపించింది. చాయ్ తాగి, క్యాలెండర్ మీద గ్యాస్ బండ మార్చిన గుర్తు పక్కన పెన్నుతో ఒత్తి రాసింది: మంచం ఖాయం. 22-6-2025, ఆదివారం.