తాళాలాయన తలుపు

తాళాలు చేసేవాడి ఇంటి తలుపుకే ఇన్ని తాళాలేమిటని వీధి వీధంతా నవ్వుకుంటున్నా ఆయన పట్టించుకోలేదు. 'పిల్లి' జైలు నుంచి విడుదలయ్యాడని తెలిసిన దగ్గర్నుంచి ఆయనకి కంటి మీద కునుకు లేదు.

పిల్లి అంటే అడుగుల చప్పుడు కాకుండా ఇళ్ళలో దూరే దొంగ. వాడి జేబులో దొరికిన మారుతాళంచెవి తన కొట్లో చేయించుకున్నదేనని కోర్టులో ఉన్నదున్నట్టు చెప్పాడు తాళాలాయన. పోలీసులు తీసుకుపోతుంటే పిల్లి వెనక్కి తిరిగి, "బయటికొచ్చాక నీ సంగతి చూస్తా" అన్నాడు. ఆ మాట ఈయన గుండెలో మేకులా దిగబడిపోయింది.

"తోడుంటానని దేవుడు మాటిచ్చాడు కదండీ. నమ్మకం లేదా?" అనేది భార్య.

"ఎందుకు లేదే? దాంతో పాటు ఓ గడియ కూడా ఉంటే మంచిది కదా!"

"ఎవరూ రారని ఆయన చెప్పలేదు. ఎవరొచ్చినా నేనుంటానన్నాడు."

ఆ రోజు పొద్దున ఆమె ప్రార్థనకి బయల్దేరితే ఈయన కదల్లేదు. "ఒంట్లో బాగోలేదని చెప్పు" అన్నాడు.

"ఎవరికి, దేవుడికా? ఆయనకి తెలీదా మీ ఒంటి సంగతి?" అంటూ వెళ్ళిపోయింది.

ఆమె అటు వెళ్ళగానే, ఉన్న గడియలు చాలవన్నట్టు మరో లావుపాటి ఇనుప గడియ తెచ్చి, బిగించి, లోపల్నుంచి వేసుకుని కూర్చున్నాడు.

కాసేపటికి తలుపు చప్పుడైంది. "నేనేనండీ" అంది భార్య. ఊపిరి పీల్చుకుని లేచి, పాత గడియలన్నీ తీశాడు. కొత్తది మాత్రం రాలేదు. సుత్తితో కొట్టినా ఊహూఁ. ఇంతలో బయట ఇంకో గొంతు వినిపించింది.

"అన్న లోపలున్నాడా అక్కా?"

ఆ గొంతు ఆయన మర్చిపోతే కదా! భార్య పిల్లి పక్కన, తను లోపల. రెండు చేతులతో గడియ పట్టుకుని చర్మం లేచిపోయేలా లాగాడు. "దేవా, నా సంగతి వదిలెయ్. దాని దగ్గరుండు" అనుకున్నాడు. ఇన్నాళ్ళ ప్రార్థనల్లో తనకోసం ఏమీ అడక్కపోవడం అదే మొదలు.

"అన్నా, ఇనుము బరువుకి తలుపు కుంగింది" అన్నాడు పిల్లి. "గడియ కన్నంలో బిగుసుకుపోయింది. నేను కింద వేళ్ళు పెట్టి ఎత్తుతా, నువ్వు లాగు."

తాళాలాయన చెయ్యి ఆగిపోయింది. ఎవడు రాకూడదని ఇవన్నీ వేశాడో వాడికే తియ్యాలి.

"ఏమండీ, తోడుంటానన్నాయన మీ పక్కనే ఉండిపోయాడనుకున్నారా? ఈ పక్కన కూడా ఉన్నాడు, తియ్యండి" అంది భార్య.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "ఎత్తు."

గడియ సర్రున వచ్చేసింది.

పిల్లి సగం అయిపోయాడు. జుట్టు నెరిసింది. కాళ్ళ దగ్గర పాత ట్రంకు పెట్టె. "మా అమ్మదన్నా. తాళంచెవి ఎక్కడ దాచిందో చెప్పకుండానే పోయింది. నువ్వే తియ్యాలి."

"నీకు గుండుసూదితో వచ్చే పని కదరా ఇది!"

"వస్తుంది. ఇంక ఏ తాళం మీదా చెయ్యి వెయ్యనని, జైలుకి నన్ను చూడ్డానికొచ్చినప్పుడు అమ్మకి మాటిచ్చాను." తల గోక్కుని, "అప్పుడేదో కోపంలో వాగాను. అది మనసులో పెట్టుకున్నావా?" అన్నాడు.

"మనసులో కాదు తమ్ముడూ, తలుపు మీద పెట్టుకున్నారు" అంది ఆమె.

ముగ్గురూ నవ్వేశారు. తాళాలాయన సన్నటి తీగతో పెట్టె తెరిచాడు. పైనే మడత విప్పని కొత్త చొక్కా. పిల్లి వేసుకుని చూసుకున్నాడు. చొక్కా భుజాలు కిందికి జారిపోయాయి. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాలుగు రోజులు కడుపు నిండా తింటే అదే సరిపోతుంది. కూర్చో, అన్నం పెడతాను" అంది ఆమె.

వాడు తినేసి వెళ్ళాక తాళాలాయన ఒక్కో గడియా ఊడదియ్యసాగాడు.

"పాతదొక్కటి ఉంచండి" అంది భార్య. "దేవుడు తోడున్నాడని మీకు తెలిసింది గానీ వీధికుక్కలకి తెలీదు."

ఒక్కటే ఉంచాడు. తర్వాత, ఆ ఇనుప సామాను పక్కనే, చేతిలో స్క్రూడ్రైవరుతో అలాగే నేల మీద వాలి, ఒళ్ళు తెలీకుండా గురకపెట్టి నిద్రపోయాడు.