ఊడ్చిన చెరువు

ఏ పనికి కూర్చోవాలన్నా ముందు ఆ చోటు ఊడవాలి. కుట్టుమిషను ముందు కూర్చునేటప్పుడు కూడా మా అమ్మ చీపురు పట్టేది. ఆ అలవాటు నాతోపాటు కెనడాలోని సస్కటూన్ దాకా వచ్చింది. రాకపోతేనే బాగుండేది.

ఊరి బయట హెలెన్ అనే ముసలావిడ పొలంలో ట్యాంకు కారి, గడ్డకట్టిన చెరువు కిందికి డీజిల్ పోయింది. ఆ చెరువు నీళ్ళే పైపులో ఆవిడ వంటింటికీ, ఆవులకీ వెళ్తాయి. నూనె పైపుదాకా రాకముందే అదెక్కడుందో వెతికి తోడెయ్యాలి. మాస్టర్స్ చదువుతున్న నాకు మా ప్రొఫెసర్ రంగనాథ్ గారు అప్పగించిన మొదటి పని ఇది. ఎంత మురిసిపోయానో చెప్పలేను.

మొదటిరోజే పార, చీపురు పట్టి చెరువు మీది స్నో అంతా ఎత్తేశాను. చూసుకుని నాకు నేనే శభాష్ అనుకున్నాను. నూనె కోసం వారంలో ఐస్‌కి నలభై కన్నాలు వేశాను. అన్నిట్లోనూ తేటనీళ్ళే.

ఎనిమిదో రోజు రంగనాథ్ గారు వచ్చి గట్టు మీదే ఆగిపోయారు.

"నిఖిలా, ఈ స్నో ఎవరు తీశారమ్మా?"

"నేనే సర్. నీట్‌గ ఉంటదని తీసిన."

"తీసిందంతా ఎక్కడ పోశావు?"

గట్టువార ఐస్ మీదే ఉన్న గుట్ట చూపించాను. ఆయన కోప్పడలేదు. నాలుగు తిట్టినా నాకు నయంగా ఉండేది.

"స్నో అంటే చలిని ఆపే దుప్పటి కదమ్మా. అదున్న చోట ఐస్ పల్చగా ఉంటుంది, తీసేస్తే మందమవుతుంది. నూనె ఐస్ అడుగునే పాకుతూ పల్చటి చోటుకి చేరుతుంది. చెరువంతా మందం చేసి, ఆ గుట్ట కింద ఒక్కచోటే పల్చగా వదిలేశావు."

"సర్, పైపు నోరు ఆ గుట్ట కిందనే ఉన్నది," అన్నాను.

ఇదంతా క్లాసులో చదివినదే. పరీక్షలో బొమ్మ గీసి మార్కులు కూడా కొట్టేశాను. చీపురు చేతికి రాగానే బుర్ర పనిచెయ్యడం మానేసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

గుట్ట తోసేసి డ్రిల్లు దించాం. కన్నంలోంచి, ఇక్కడ పొలాలకి అమ్మే ఎర్రరంగు కలిపిన డీజిల్ పైకొచ్చింది.

పైపులోకి నీళ్ళు తోడే మోటారు ఆపించడానికి రంగనాథ్ గారు ఇంటివైపు పరుగుపెట్టారు. అంతలో జలుబుతో ముక్కు మూసుకుపోయిన హెలెన్ ఒక కప్పుతో గట్టు దిగి వచ్చింది. పొద్దుటినుంచి ఆవులెందుకో నీళ్ళు ముట్టడం లేదని చెప్పి, వేడి టీ నా చేతిలో పెట్టింది. తను అప్పటికే రెండు కప్పులు తాగిందట.